బొమ్మల్ని చెరిపింది మతమా, చెమ్మా?

జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి తూర్పుకి ఎడారి రోడ్డు మీద ఓ 85 కిలోమీటర్లు పోతే కుసైర్ అమ్రా వస్తుంది. కుసైర్ అంటే బుల్లి కోట. నిజానికి కోట కూడా కాదు, ఒక హాలు, దాన్ని ఆనుకుని వేన్నీళ్ళ స్నానాల గదులు, అంతే. దూరం నుంచి చూస్తే మూడు పీపాల్ని నిలువునా సగానికి కోసి పక్కపక్కన బోర్లించినట్టు ఉంటుంది. ఎండలో కళ్ళు చిట్లించుకుంటూ లోపలికెళ్ళి, చీకటికి అలవాటు పడ్డాక బట్టలు మార్చుకునే గదిలో తలెత్తి చూశామా, ఒక ఎలుగుబంటి కూర్చుని వీణలాంటిదేదో వాయిస్తోంది, దానికి ఒక కోతి చప్పట్లు కొడుతోంది.

నాతో వచ్చిన రూమ్మేట్ అటూ ఇటూ చూశాడు. ఒక గోడ మీద స్నానం చేస్తున్న ఆడవాళ్ళు, ఇంకో గోడ మీద అడవి గాడిదల్ని తరుముతున్న వేటకుక్కలు. "ఇదేంట్రా, వీళ్ళలో బొమ్మలు నిషేధం కదా, ఇది క్రిస్టియన్లు కట్టిందేమో" అన్నాడు. వాణ్ణి అనడానికేం లేదు, మనందరికీ చిన్నప్పట్నుంచి ఉన్న లెక్క అదే. ఇస్లాం అంటే లతలు, నక్షత్రాలు, అక్షరాలు, అంతకుమించి గోడ మీద ఇంకేం ఉండవు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నా.

కట్టించింది అప్పటి ముస్లిం రాజ్యాన్ని ఏలిన ఉమయ్యద్ వంశపు రాజకుమారుడు వలీద్ ఇబ్న్ యజీద్. 2012లో గోడలు శుభ్రం చేస్తుంటే అతని పేరున్న రాత బయటపడింది, అంటే అతను ఖలీఫా కాకముందు, 723కీ 743కీ మధ్య కట్టిందన్నమాట. 743లో ఖలీఫా అయ్యాడు, 744లో చంపేశారు. హాల్లో ఒక చోట ఆరుగురు రాజులు వరసగా నిలబడి ఉంటారు, పక్కన గ్రీకులోనూ అరబ్బీలోనూ పేర్లు. రోమ్ సీజర్, స్పెయిన్‌లో 711లో అరబ్బుల చేతిలో ఓడిపోయిన రోడెరిక్, పర్షియా ఖుస్రో, ఇథియోపియా నెగుస్, మిగతా ఇద్దరి పేర్లు చెరిగిపోయాయి. వేడి గది గుమ్మటం లోపల రాశులతో సహా ఆకాశం మొత్తం గీశారు, గుమ్మటం మీద ఆకాశాన్ని గీసిన బొమ్మల్లో ఇప్పటిదాకా మిగిలినవాటిలో ఇదే మొదటిది అంటారు. ఇక్కడ తమాషా ఏంటంటే ఈ వలీద్ వాళ్ళ నాన్న రెండో యజీద్, 721 ప్రాంతంలో బొమ్మలన్నీ చెరిపెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడని పాత చరిత్రల్లో ఉంది. నాన్న చెరపమన్నాడు, కొడుకు స్నానాల గది నిండా గీయించుకున్నాడు. ఏ ఇంట్లో లేదు ఈ గొడవ.

అయితే నేను చెప్పదలుచుకున్నది "చూశారా, ఇస్లాంలో కూడా బొమ్మలున్నాయి" అని కాదు. అది చాలామంది రాశారు. నా గొడవ వేరే. ఇలాంటివి ఇంత తక్కువ ఎందుకు మిగిలాయి అంటే అందరూ టక్కున "మతం ఒప్పుకోదు కాబట్టి" అనేస్తారు, అక్కడితో ఆలోచన ఆపేస్తారు. నా ఉద్దేశంలో ఆ లెక్కలో సగానికి పైగా గారది. అవును, గోడకి పూసే గారదే.

నాకెందుకు ఈ పట్టింపు అంటే, మా నాన్న తాపీ మేస్త్రి, నేను గల్ఫ్‌లో బిల్డింగుల ఫినిషింగ్ పని చూసుకునే సివిల్ ఇంజనీర్ని. గోడల గురించి ఇంట్లోనూ విన్నా, ఆఫీసులోనూ విన్నా. ఒకసారి ఒక విల్లా ప్రాజెక్టులో బాత్రూమ్ బయటి గోడకి సిమెంటు బదులు జిప్సం ప్లాస్టర్ కొట్టేశారు, ఎవరు కొట్టమన్నారో ఎందుకు కొట్టమన్నారో ఇప్పుడు అనవసరం, ఎనిమిది నెలలు తిరక్కుండా ఆ గోడ పూరీలా పొంగి, వేలితో గీకితే పొడిపొడిగా రాలింది. పైన వేసిన రంగు పెచ్చులు పెచ్చులుగా నేల మీద. ఆ రోజు నుంచి ఏ మ్యూజియంలో పాత గోడ ముక్క కనపడ్డా ముందు బొమ్మ చూడను, అంచు చూస్తా, అది సున్నమా జిప్సమా అని.

తేడా ఎక్కడొస్తుందో చెప్తా, కొంచెం ఓపిక పట్టండి. సున్నం కావాలంటే సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చాలి. జిప్సం రాయికి 150 డిగ్రీలు చాలు, ఇంట్లో కేకు కాల్చే ఓవెన్ వేడి కంటే తక్కువ. కట్టెలు బంగారంలా దొరికే ఇరాక్‌లోనూ ఇరాన్ పీఠభూమిలోనూ ఏది కాలుస్తారు? గార ఏదో తేల్చింది రాజూ కాదు ముల్లా కాదు, వంటచెరకు. సున్నపు గార తడిగా ఉన్నప్పుడే దాని మీద రంగు వేస్తే, ఆరేకొద్దీ అది గాల్లో ఉన్న బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మళ్ళీ రాయి అయిపోతుంది, రంగు ఆ రాతిలో ఇరుక్కుపోతుంది, అందుకే శతాబ్దాలు ఉంటుంది. జిప్సం ఆ పని చెయ్యదు. నీళ్ళు తాగి నిమిషాల్లో బిగుసుకుంటుంది, రంగుని పట్టుకోదు, కాబట్టి రంగులో జిగురు కలిపి ఆరిన గోడ మీద వెయ్యాలి. ఆ జిగురు చచ్చిపోయిన రోజు రంగు పొడి. పైగా జిప్సం లీటరు నీళ్ళకి 2 గ్రాముల దాకా కరుగుతుంది, అంటే ఇంటి కప్పుకి చిన్న చిల్లు ఉంటే చాలు, ఏళ్ళ తరబడి వానలకి గోడే నెమ్మదిగా కారిపోతుంది.

ఇప్పుడు కుసైర్ అమ్రా ఎందుకు మిగిలిందో చూడండి. గోడ రాయి. గార సున్నం. ఊరికి దూరం, వానలు అరుదు, బిల్డింగ్ ఎంత చిన్నదంటే పడగొట్టి రాళ్ళు ఎత్తుకుపోవడం కూడా దండగ. ఎడారిలో తిరిగే బెదూయిన్లు చలికాలం లోపల మంటలేసుకున్నారు, మసి పట్టింది, పేర్లు చెక్కుకున్నారు, అయినా బొమ్మ నిలిచింది. ఇది అదృష్టం, పైగా మెటీరియల్. వలీద్ ఒక్కడే తిరుగుబోతు, మిగతా రాజులందరూ నియమనిష్ఠలతో బొమ్మల జోలికి పోలేదు అని అనుకోవడానికి ఇందులో ఏమీ లేదు.

అనుకోకూడదని ఎందుకంటున్నానంటే సమర్రా ఉంది కాబట్టి. ఇరాక్‌లో టైగ్రిస్ ఒడ్డున 836లో ఖలీఫా ముతసిమ్ కట్టించిన రాజధాని, 892 దాకా నడిచింది, అదంతా ఇటుకా మట్టీ జిప్సమూనూ. 1911 నుంచి 1913 దాకా హెర్జ్‌ఫెల్డ్ అనే జర్మన్ తవ్వితే ఖలీఫా కొలువులో, రాజ్యానికి నడిబొడ్డున, నాట్యకత్తెలు, వేట, జంతువులు, పక్షులు ఉన్న గోడ బొమ్మలు ముక్కలుగా దొరికాయి. ఇద్దరు అమ్మాయిలు చేతులు మెలిక వేసి ఒకళ్ళ గిన్నెలోకి ఒకళ్ళు మద్యం వంపుతున్న బొమ్మ ప్రతి ఇస్లామిక్ ఆర్ట్ పుస్తకంలో ఉంటుంది. మనం చూసేది మటుకు అసలు గోడని కాదు, దొరికిన దాన్నిబట్టి హెర్జ్‌ఫెల్డ్ గీసిన డ్రాయింగుని. తవ్వకంలో దొరికిన సామాను మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ చేతిలో పడి లండన్ చేరి అక్కణ్ణుంచి రకరకాల మ్యూజియాలకి చెదిరిపోయింది. అంటే అప్పటి లోకంలోకెల్లా పెద్ద నగరాల్లో ఒకదాని చిత్రకళ గురించి మనకున్న సాక్ష్యం కొన్ని పెచ్చులూ, ఒక మనిషి పెన్సిలూ.

అసలు పాయింట్ ఇంకోటుంది. మట్టి ఇల్లు కూలడం దగ్గర్నుంచి చూశారా? మా అమ్మమ్మ వాళ్ళ పాత ఇల్లు నేను చూశా. ముందు కప్పు పోతుంది. తర్వాత వాన గోడ పైభాగాన్ని కోస్తుంది, ఆ మట్టి జారి గోడ మొదట్లో కుప్పగా పడుతుంది, ఆ కుప్పే అడుగు భాగాన్ని దుప్పటిలా కప్పేస్తుంది. వెయ్యేళ్ళ తర్వాత ఎవరో వచ్చి తవ్వితే దొరికేది మోకాలి ఎత్తో నడుం ఎత్తో గోడ. మరి గోడ అడుగున ఎవరైనా ఏం గీస్తారు? అమ్మమ్మ ఇంట్లో అడుగున జాజు పట్టీ ఉండేది, జనం జారగిలబడతారు, పిల్లలు కాళ్ళు ఆనిస్తారు, మాసేది అక్కడే కాబట్టి. బొమ్మ వెయ్యాలంటే ఎవరైనా కంటి ఎత్తులో వేస్తారు, ఆ పైన వేస్తారు.

ఇరాన్‌లో నిషాపూర్‌లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్ళు 1935 నుంచి 40 దాకా, మళ్ళీ 1947లో తవ్వారు. నిలబడి దొరికిన గోడల కింది పట్టీల మీద దాదాపు అన్నీ డిజైన్లే, లతలు, పొలుసులు, గళ్ళు. మనుషుల ముఖాలు మాత్రం శిథిలాల్లో చిన్నచిన్న ముక్కలుగా దొరికాయి. డేగని పట్టుకుని గుర్రం మీద పోతున్న వేటగాడి బొమ్మ ఒక్కటి బాగా మిగిలింది, అది టెహ్రాన్‌లో ఉంది. ఇప్పుడు మీరే చెప్పండి, నిలబడ్డ గోడ చూసి "వీళ్ళు డిజైన్లు మాత్రమే వేసేవాళ్ళు" అని రాసేస్తే ఎంత తప్పు? కింది పట్టీ మిగలడానికి దేవుడి ఆజ్ఞ అక్కర్లేదు, గురుత్వాకర్షణ చాలు.

దక్షిణ అఫ్ఘనిస్తాన్‌లో, హెల్మాండ్ నది పక్కన లష్కరీ బజార్ సంగతి ఇంకా బావుంటుంది. గజనీ సుల్తానుల విడిది నగరం అది. ఏ గజనీ అంటే సోమనాథ్ అనగానే మనకి గుర్తొచ్చే మహమూద్ గజనీయే. 1949 నుంచి ఫ్రెంచి వాళ్ళు, ష్లుంబెర్జర్ అనే ఆయన నాయకత్వంలో, దక్షిణ ప్యాలెస్ తవ్వితే దర్బారు హాల్లో సుల్తాను కాపలా సైనికులు వరసగా రంగుల్లో నిలబడి ఉన్నారు. 44 మంది. పూల అచ్చుల అంగీలు, నడుం పట్టీల నుంచి వేలాడే తోలు పటకాలు, ఒక పక్కకి తిరిగిన కాళ్ళు. ఎక్కువమందికి తల లేదు. తల లేదనగానే, అందులోనూ మహమూద్ పేరు వినగానే, మనవాళ్ళకి గబుక్కున ఏం తడుతుందో నాకు తెలుసు. కానీ అది పచ్చి ఇటుక గోడ, పైభాగం కూలింది, తలలు పైభాగంలో ఉంటాయి. అంతకు మించి అందులో కుట్ర వెతకనక్కర్లేదు. విగ్రహాలు పగలగొట్టాడని పేరు మోసిన వంశం తన దర్బారు గోడల మీద మనుషుల బొమ్మలు, అదీ తల వెనక కాంతి వలయంతో గీయించుకుంది, దాని గురించి మటుకు ఎవరూ వాట్సాప్ ఫార్వర్డ్ చెయ్యరు.

సరే, మతానికి ఇందులో పాత్రే లేదా అంటే ఉంది, దాచను. సమర్రాలోనే 869లో గద్దెనెక్కిన ముహ్తదీ అనే ఖలీఫా, మహా నిష్ఠాపరుడు, గదుల్లో ఉన్న బొమ్మల్ని చెరిపించాడని మసూదీ అనే చరిత్రకారుడు రాశాడు. 1111లో చనిపోయిన గజాలీ అనే మతపండితుడు స్నానాలశాలల గురించి రాస్తూ గుమ్మం మీదో లోపలో బొమ్మ ఉంటే చేతనైనవాడు దాన్ని తొలగించాలి, ముఖం పాడు చేసినా చాలు అంటాడు. మసీదులో మనుషుల బొమ్మ వెయ్యలేదన్నది వాస్తవమే, డమాస్కస్ పెద్ద మసీదు మొజాయిక్‌లో ఇళ్ళూ చెట్లూ నదీ ఉంటాయి గానీ ఒక్క మనిషి ఉండడు. ఇక్కడ మతం గీసిన గీత స్పష్టంగా కనపడుతుంది, కాదన్నవాడు మూర్ఖుడు.

కానీ గజాలీ మాట ఇంకోసారి చదవండి. మన ఊళ్ళల్లో "ఇచ్చట మూత్రం పోయరాదు" అని ఏ గోడ మీద రాస్తారు? ఎవరూ పోయని గోడ మీద రాయరు కదా. 11వ శతాబ్దం చివర్లో కూడా ఒక పండితుడు స్నానాలశాలల్లో బొమ్మలున్నాయని చిరాకు పడుతున్నాడంటే ఉన్నాయనే కదా అర్థం. ఇంకోపక్క వైద్యులేమో స్నానం చేస్తే మనిషిలోని మూడు రకాల బలాలు తగ్గుతాయి, వాటిని తిరిగి తేవడానికి గోడల మీద యుద్ధం, వేట ఒకదానికి, ప్రేమికులు ఇంకోదానికి, తోటలు చెట్లు మరోదానికి వెయ్యాలి అని ప్రిస్క్రిప్షన్ రాశారు. ఒకే సమాజంలో ముల్లా ఒకటంటాడు, డాక్టరు ఒకటంటాడు, ఇంటాయన తనకి నచ్చింది చేస్తాడు. ఇందులో మనకి వింత ఏముంది?

ఈ మొత్తం గొడవలో నాకు బాగా నచ్చిన కథ బైహకీ రాసింది, ఆయన గజనీ దర్బార్లో పనిచేసిన గుమాస్తా, గొప్ప చరిత్రకారుడు. మహమూద్ కొడుకు మసూద్, యువకుడిగా హెరాత్‌లో ఉన్నప్పుడు తోటలో మధ్యాహ్నం పడుకోవడానికి ఒక చల్లటి గది కట్టించుకుని, దాని గోడల నిండా కప్పు దాకా ఆడా మగా కలిసిన బొమ్మలు గీయించాడు. మామూలు బొమ్మలు కాదు, మీకు అర్థమయ్యే ఉంటుంది. తండ్రికి కబురు చేరింది. తండ్రి ఒక దూతని పంపాడు, ఎవరికీ చెప్పకుండా, ఎవర్నీ లెక్క చెయ్యకుండా నేరుగా ఆ గదికి వెళ్ళి, తాళం వేసుంటే పగలగొట్టి చూసి రా అని. అయితే దర్బారులోనే ఉన్న మసూద్ మనిషి ఒకడు అంతకంటే వేగంగా ఇంకో రౌతుని తోలాడు. అతను ముందు చేరాడు. మసూద్ వెంటనే పనివాళ్ళని పిలిపించి గోడలన్నీ వెల్ల వేయించి, గులకరాయితో రుద్దినట్టు నున్నగా మెరిపించి, బట్టలు పరిపించి, తాళం వేసి కూర్చున్నాడు. తండ్రి మనిషి వచ్చి తలుపు పగలగొట్టి చూస్తే తెల్లటి గోడలు. వెళ్ళి అదే చెప్పాడు. తండ్రి "వీడి మీద చాడీలు చెప్తున్నారు" అని తేల్చేశాడట.

ఈ కథ విని అందరూ మసూద్ తెలివికి నవ్వుతారు. నాకు మాత్రం ఆ వెల్ల వేసిన పనివాళ్ళు కనపడతారు. ఎన్ని గంటల్లో చేశారో, ఏం తిట్టుకున్నారో. ఆ గోడ ఇప్పటిదాకా నిలబడి ఉండి తవ్వకంలో దొరికితే మనం ఏమనేవాళ్ళం? "గజనీ వాళ్ళు బొమ్మలు వేసుకోలేదు, గోడలు తెల్లగా ఉంచుకున్నారు" అని. స్పెయిన్‌లో అల్హంబ్రా కోటలో, పర్తాల్ అనే ప్యాలెస్ పక్కన ఒక చిన్న ఇంట్లో 14వ శతాబ్దపు బొమ్మలు, యుద్ధం నుంచి తిరిగొస్తున్న గుర్రపువాళ్ళు, గుడారాలు, ఇవన్నీ 20వ శతాబ్దం మొదట్లో పైపూత ఊడదీస్తే బయటపడ్డాయి. అన్నాళ్ళూ అది ఉత్త గోడ.

హెరాత్‌లో ఆ గోడలకి పూసింది గచ్. పర్షియన్‌లో గచ్ అంటే జిప్సం గార. ఆ మాటే హిందుస్తానీ మీదుగా మన దాకా వచ్చి గచ్చు అయింది. "గచ్చు మీద పడుకోకురా, జలుబు చేస్తుంది" అని అమ్మ అన్నప్పుడల్లా ఆ మాట ఎన్ని ఊళ్ళ గోడలు దిగి వచ్చిందో మనకేం తెలుసు. మన దగ్గరికొచ్చేసరికి వస్తువు మారింది, గానుగలో తిప్పిన సున్నం, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు, పేరు మాత్రం అదే ఉండిపోయింది. గోల్కొండ సమాధుల మీద గచ్చు పని చూశారా, నాలుగు వందల ఏళ్ళ వానలు తాగి కూడా ఆకుల అంచులు ఎలా ఉన్నాయో. అది సున్నం. నిషాపూర్ గచ్‌ని తెచ్చి హైదరాబాద్ వానలో ఆరుబయట పెడితే ఎన్ని వర్షాకాలాలు ఆగుతుందో నేను పందెం కాయను.

చిత్రకారుల గురించి కూడా ఒక్క మాట, ఎందుకంటే గోడలతో పాటు వాళ్ళ పేర్లు కూడా రాలిపోయాయి. ఈజిప్టులో ఫాతిమీ వంశం ఏలిన కాలంలో, 11వ శతాబ్దంలో, యాజూరీ అనే వజీరుకి ఈ బొమ్మలంటే పిచ్చి. కసీర్ అనే చిత్రకారుడు డబ్బు మరీ ఎక్కువ అడుగుతున్నాడని, ఇరాక్ నుంచి ఇబ్న్ అజీజ్ అనే ఇంకొకణ్ణి రప్పించి ఇద్దరికీ పోటీ పెట్టాడు. ఒకడు గోడలోంచి బయటికొస్తున్నట్టు నాట్యకత్తెని వేస్తానన్నాడు, ఇంకొకడు గోడలోకి వెళ్ళిపోతున్నట్టు వేస్తానన్నాడు. కసీర్ నల్లటి గూడులో తెల్లబట్టల పిల్లని వేస్తే లోపలికి పోతున్నట్టుందట, ఇబ్న్ అజీజ్ పసుప్పచ్చ గూడులో ఎర్రబట్టల పిల్లని వేస్తే బయటికి వస్తున్నట్టుందట. ఇదంతా 15వ శతాబ్దంలో మక్రీజీ అనే చరిత్రకారుడు రాసిపెట్టాడు. ఆ రెండు గోడలూ లేవు. కైరో పక్కన ఫుస్తాత్‌లో ఒక స్నానాలశాల శిథిలాల్లో చేతిలో కప్పు పట్టుకుని కూర్చున్న ఒక కుర్రాడు మాత్రం దొరికాడు, ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాడు. రేటు దగ్గర బేరాలు, పోటీకి బయటి ఊరి మేస్త్రిని దింపడం, ఇవన్నీ చదువుతుంటే వెయ్యేళ్ళ కిందటి ఈజిప్టులా అనిపించదు, మా నాన్న చెప్పే సైట్ కబుర్లలా ఉంటుంది.

ఇంక మిగిలినవాటిని మనం ఉద్ధరించిన తీరు. కుసైర్ అమ్రాని 1898లో బయటి ప్రపంచానికి చెప్పింది అలోయిస్ ముసిల్ అనే పండితుడు, 1901లో వియన్నా నుంచి మీలిక్ అనే చిత్రకారుణ్ణి వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. బొమ్మలు స్పష్టంగా కనపడాలని మసి మీద మందులు రుద్దారు, కొన్ని ముక్కలు గోడ నుంచి ఊడదీశారు, అవి బెర్లిన్ చేరాయి. ఆరుగురు రాజుల బొమ్మ ఇవాళ అంత దెబ్బతిని ఉండటంలో ఈ ప్రేమ వాటా తక్కువేం కాదు. 1970ల్లో స్పెయిన్ వాళ్ళు రిపేర్లు చేశారు, అప్పటి మెరుగులు కొన్ని అసలు గీతల మీదే పడ్డాయి. 2010 నుంచి ఇటలీ నిపుణులు జోర్డాన్ పురావస్తు శాఖతో కలిసి ఆ పైపూతలన్నీ ఓపిగ్గా తీస్తూ వస్తే కదా వలీద్ పేరు కనపడింది. ముల్లాలు ముట్టని గోడని పన్నెండు వందల ఏళ్ళ తర్వాత పాడుచేసింది ఆ బొమ్మల్ని అందరికంటే ఎక్కువ ప్రేమించినవాళ్ళే.

రూమ్మేట్ కారెక్కాక కూడా వాదించాడు. "అయితే నిషేధం లేదంటావా" అని. ఉందిరా బాబూ, చాలామంది చాలాసార్లు గట్టిగానే చెప్పారు, కొన్ని చోట్ల గోడలు గీకేశారు కూడా, నేనంటున్నది ఏంటంటే ఒక ఖాళీ గోడ కనపడితే ముందు ఆ గోడ దేనితో కట్టారు, ఎంత ఎత్తు మిగిలింది, కప్పు ఎప్పుడు పోయింది అని అడుగు, ఇవన్నీ అయ్యాక మతం దగ్గరికి వెళ్ళు. వాడు "నీకు ఉద్యోగం ఎక్కువైంది" అని పాటలు పెట్టుకున్నాడు.

ఆ రాత్రి నాన్నకి ఫొటోలు పంపా. కుసైర్ అమ్రా హాలు కప్పు మీద చిన్నచిన్న గళ్ళల్లో పనివాళ్ళ బొమ్మలు ఉన్నాయి, రాళ్ళు చెక్కేవాళ్ళు, ఒంటె మీద రాళ్ళు తోలేవాళ్ళు, వడ్రంగులు, కమ్మరి, ఆ బిల్డింగ్ కట్టినవాళ్ళే అన్నట్టు. నాన్నకి అవి నచ్చుతాయని వాటినే ఎక్కువ పంపా. కాసేపటికి ఫోన్ చేశాడు. ఎలుగుబంటి గురించి అడగలేదు, స్నానం చేసే ఆడవాళ్ళ గురించి అడగలేదు, అది సరేలే. "ఒరే, ఆ మూల గార లేచిన చోట పెద్దది చేసి ఇంకో ఫొటో ఉందా? కింద రాయి కనపడుతోంది చూడు. ఎన్ని చేతులు పూశారో అక్కడ తెలుస్తుంది."

"లేదు నాన్నా, బొమ్మలే తీశా."

"ఇంజనీరువి, అంత దూరం పోయి బొమ్మలు తీసుకొచ్చావా?"